విశాఖ ఇంటికి కిటికీ బ్లైండ్లు: ఏడెనిమిదేళ్ళ వాడకం తరువాత

విశాఖపట్నంలో కిటికీకి బ్లైండు ఎంచుకునేటప్పుడు రంగు, డిజైను కంటే ముందు చూడవలసినవి రెండు: ఆ కిటికీ ఏ దిక్కుకు ఉంది, దాన్ని రోజులో ఎంతసేపు తెరిచి ఉంచుతారు. ఎంవీపీ కాలనీలో, సముద్రానికి నడిచి వెళ్ళగలిగినంత దూరంలో ఉన్న మా మూడో అంతస్తు ఫ్లాటులో ఏడెనిమిదేళ్ళుగా రోలర్ (పై గొట్టానికి చుట్టుకునే గుడ్డ తెర), జీబ్రా, వెనీషియన్ బ్లైండ్లు, వెదురు తెరలు వాడుతున్నాము. పాత యజమానులు హాల్లో వదిలివెళ్ళిన వర్టికల్ బ్లైండ్లు కూడా కొంతకాలం ఉండేవి. ఇల్లంతా ఒకే రకం వేయించుకుంటే చూడడానికి ముచ్చటగా ఉంటుందని దుకాణాలవాళ్ళు చెబుతారు, అలా తీసుకుంటే ధర కొంత తగ్గిస్తారు కూడా. అయినా తూర్పు హాలుకు నప్పిన రకం పడమటి పడకగదికి చాలదని, వంటింటికి అసలే పనికిరాదని ఇన్నేళ్ళ వాడకం మీద నిస్సంకోచంగా చెప్పగలను.

దిక్కు సంగతి మొదట చెబుతాను. మన ఊరు సుమారు 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కనుక మే నెల రెండో వారంలో ఒకసారి, ఆగస్టు మొదట్లో మరొకసారి మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, ఆ రెండు తేదీల నడుమ కాస్త ఉత్తరానికి కూడా ఒరుగుతాడు. అందువల్ల నడివేసవిలో దక్షిణపు కిటికీకి సన్‌షేడ్ ఒక్కటే చాలు. డిసెంబరులో మధ్యాహ్నపు సూర్యుడు దక్షిణాన సుమారు 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు కాబట్టి రెండడుగుల సన్‌షేడ్ ఉన్నా కిటికీ కింది భాగంలోంచి ఎండ లోపలికి వస్తుంది, కాని ఆ నెలలో వచ్చే ఎండను ఎవరూ వద్దనరు. అసలు చిక్కంతా తూర్పు పడమరలతోనే. మే నెలలో ఇక్కడ ఐదున్నర కాకముందే తెల్లవారి ఎండ మొహాన కొడుతుంది. సాయంత్రం ఐదింటికి పడమట సూర్యుడు 20 డిగ్రీల లోపు ఎత్తుకు దిగి, సన్‌షేడ్ కిందుగా దూరి నేరుగా మంచం మీద పడతాడు. అంత వాలుగా వచ్చే ఎండను ఏ సజ్జా ఆపలేదు. నిలువునా అడ్డుపడే తెర ఏదో ఒకటి ఉండి తీరాలి.

మా హాలు తూర్పు ముఖం. అక్కడ ముందునుంచి ఉన్న వర్టికల్ బ్లైండ్లలో నాలుగంగుళాల వెడల్పు పట్టీలు పై పట్టాలో తిరుగుతూ ఉంటాయి, కింద వాటి బరువు పలకలను సన్నని ప్లాస్టిక్ గొలుసుతో ఒకదానికొకటి కలుపుతారు. రోజంతా కిటికీలు మూసి ఏసీ వేసుకునే ఆఫీసులకు ఆ రకం బాగానే ఉంటుంది. పొద్దు కాస్త ఎక్కగానే సముద్రపు గాలి మొదలయ్యే మా హాల్లో మాత్రం పట్టీలు ఒకదానితో ఒకటి కొట్టుకుంటూ, మెలిపడుతూ, కింది గొలుసు మాటిమాటికీ తెగుతూ ఉండేది. గొలుసు తెగకూడదంటే కిటికీ మూసుకోవాలి. “గాలికి అడ్డం కట్టి ఫ్యాను వేసుకోవడమేమిటమ్మా?” అని మా అత్తయ్యగారు అన్నదానికి నా దగ్గర సమాధానం లేకపోయింది. వాటిని తీయించి సన్‌స్క్రీన్ గుడ్డతో రోలర్ బ్లైండ్లు వేయించాము. ఇంట్లో పెట్టించిన వాటన్నిటిలోనూ నాకు ఎక్కువ తృప్తినిచ్చినది ఇదే.

సన్‌స్క్రీన్ గుడ్డ అంటే పీవీసీ పూత ఉన్న పాలియెస్టర్ లేదా ఫైబర్‌గ్లాస్ నూలుతో జల్లిగా నేసిన గుడ్డ. అందులో ఖాళీ ఎంత శాతమో దుకాణంలో అడిగితే చెబుతారు. 3 శాతం, 5 శాతం, 10 శాతం రకాలు సాధారణంగా దొరుకుతాయి. మేము హాలుకు 5 శాతం ఎంచుకున్నాము. పూర్తిగా దించినా బయట కొబ్బరి చెట్లు, ఎదుటి మేడ, ఆకాశం కనిపిస్తూనే ఉంటాయి, టీవీ మీద మెరుపు మాత్రం పడదు. రంగు దగ్గర కొంచెం ఆలోచించాలి: ముదురు బూడిద రంగు గుడ్డలోంచి బయటి దృశ్యం స్పష్టంగా కనిపిస్తుంది, తెలుపు గుడ్డ వేడిని ఎక్కువగా వెనక్కి తిప్పికొడుతుంది కాని ఎండ పడినప్పుడు తానే వెలిగిపోయి కళ్ళకు కొడుతుంది. సముద్రం వైపు చూపు కావాలనుకున్నాము కనుక ముదురు రంగే తీసుకున్నాము. ఈ గుడ్డ చాటు పగటిపూట మాత్రమేనని కూడా గుర్తుంచుకోవాలి. రాత్రి లోపల దీపం వెలిగిందంటే ఎదుటి మేడవాళ్ళకు మన హాలంతా కనిపిస్తుంది. అందుకని దాని ముందు ఒక మామూలు నూలు కర్టెన్ కూడా రాడ్డుకు వేలాడదీశాము. ఈ రెండో తెర ఖర్చును లెక్కలో వేసుకోకుండా దుకాణంవాళ్ళు చెప్పే ధరను పోల్చుకోకూడదు.

పడమటి పడకగదికి బ్లాక్‌అవుట్ రోలర్, అంటే వెలుగును పూర్తిగా ఆపే గుడ్డతో చేసినది, వేయించాము. గదివైపు లేత గోధుమ రంగు, అద్దం వైపు తెలుపు పూత. వెలుగు ఆపడంలో దానికి వంక పెట్టలేను. వేడి ఆపడంలో మాత్రం దుకాణంలో విన్నంత లేదు. కారణం తేలికే: ఎండ అద్దం దాటి లోపలికి వచ్చాకే లోపలి బ్లైండుకు తగులుతుంది. అందులో కొంత భాగాన్ని తెలుపు పూత వెనక్కి పంపుతుంది. తక్కినదంతా గుడ్డను, గుడ్డకూ అద్దానికీ మధ్యనున్న గాలిని వేడెక్కించి మెల్లగా గదిలోకే చేరుతుంది. మే నెల సాయంత్రం ఆ రోలరు పై అంచు దగ్గర చెయ్యి పెట్టి చూస్తే ఇస్త్రీ చేసిన బట్టంత వెచ్చగా ఉంటుంది. ఇంకొక సంగతి, రోలరు గుడ్డ వెడల్పు బ్రాకెట్ల మధ్య దూరం కంటే అంగుళం పైచిలుకు తక్కువ ఉంటుంది, చక్రం, గొలుసు పట్టేందుకు ఆ చోటు కావాలి. కిటికీ చట్రం లోపల బిగిస్తే రెండు పక్కలా వెలుగు గీతలు తప్పవు. పగలు నిద్రపోవలసిన షిఫ్టు ఉద్యోగులు ఇళ్ళలో ఉంటే చట్రం బయట, గోడకే బిగించుకుని ఇరుపక్కలా మూడు నాలుగంగుళాలు ఎక్కువ పెట్టించుకోవడం మంచిది.

ఆ గదికి నిజంగా ఉపశమనం కలిగించినది బాల్కనీలో వేలాడదీసిన వెదురు తెర. ఎండ అద్దానికి తగలకముందే ఆగిపోతుంది, సందుల్లోంచి గాలి ఆడుతుంది, ధర కూడా బ్లాక్‌అవుట్ కంటే తక్కువే పడింది. మా చిన్నతనంలో వట్టివేళ్ళ తడికలు కట్టి నీళ్ళు చల్లేవారు. గాలిలో ఇంత తేమ ఉన్న తీరప్రాంతంలో నీళ్ళు చల్లడం వల్ల ఒరిగేది తక్కువ, ఉక్కపోత ఇంకొంత పెరుగుతుంది, అందుకని ఆ వాసన ఎంత ఇష్టమైనా ఇక్కడ వెదురుకే నా ఓటు. దానికీ ఇబ్బందులు లేకపోలేదు. దానితో వచ్చిన నూలు తాడు వానకు కుళ్ళిపోయింది, నైలాను తాడు మార్చాము. ఇనుప కప్పీ తుప్పుపట్టి తాడును కోయసాగింది, ఇత్తడిది పెట్టించాము. వార్నిషు వేయని తెర ఏదైనా కొన్నాళ్ళకు పుచ్చు పట్టి సన్నని పిండి రాలుస్తుంది. తుపాను హెచ్చరిక రాగానే తెరను చుట్టి కట్టేస్తే సరిపోదు, కొక్కేలనుంచి దించి లోపల పెట్టాలి; 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ ఊరి కిటికీలను ఏం చేసిందో చూసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. బాల్కనీకి ఏ రంగు తెర కట్టాలో అపార్ట్‌మెంట్ సంఘాన్ని ముందే అడిగితే తరువాత మాట పడనవసరం ఉండదు.

జీబ్రా బ్లైండు మా అతిథుల గదిలో ఉంది. గుడ్డ రెండు పొరలుగా ఉండి, నిండు పట్టీ, జల్లి పట్టీ ఒకదాని మీదికి ఒకటి జరిగినకొద్దీ వెలుగు హెచ్చుతగ్గులవుతుంది. చూడడానికి అందంగా ఉంటుంది, వచ్చినవాళ్ళు దాని గురించే అడుగుతారు. దుమ్ము మాత్రం రెండు పొరల మధ్య చేరి అక్కడే ఉండిపోతుంది, పూర్తిగా మూసినా పట్టీల అంచుల్లోంచి సన్నని వెలుతురు వస్తూనే ఉంటుంది. ఓడరేవు దగ్గరి వన్‌టౌన్‌లో ఉండే మా పెద్దమ్మగారింట్లో రోజూ నల్లటి ధూళి పడుతుంది. అక్కడ లేత రంగు జీబ్రా మొదటి వేసవికే మాసిపోయింది. అలాంటి చోట తుడిస్తే పోయే సన్‌స్క్రీన్ గుడ్డ తప్ప మరేదీ నేను చెప్పను.

చదువుకునే గదిలో 25 మిల్లీమీటర్ల అల్యూమినియం పలకల వెనీషియన్ ఉంది. పలకలను పైకి వాల్చి ఎండను ఇంటి కప్పు మీదికి మళ్ళించవచ్చు, గాలీ వస్తుంది, ఆ రెండు సుగుణాలూ కలిసి ఉన్నది ఇదొక్కటే. కాని ఉప్పు తేమ తగిలిన దుమ్ము పలకల మీద జిగటగా పట్టుకుంటుంది, ఈకల కుంచెకు రాదు, తడిగుడ్డతో ఒక్కొక్క పలకనూ తుడవాలి. తుడిచే ఓపిక ఉన్నవాళ్ళే దాని జోలికి వెళ్ళాలి. వంటింటికి ఏ బ్లైండూ వద్దు. పోపు ఆవిరి, నూనె జిడ్డు గుడ్డకు పట్టాక వదలవు. అద్దానికి గరుకు ఫిల్ము అంటించుకుంటే చాటు దొరుకుతుంది, సబ్బునీళ్ళతో కడుక్కోవచ్చు.

ఈ ఊళ్ళో బ్లైండు ఆయువు నిర్ణయించేది గుడ్డ కంటే ఇనుము. మా అతిథుల గదిలో మొదటి వర్షాకాలం దాటకముందే బ్రాకెట్టు మూలన చిన్న బుడిపె లేచింది, గోరుతో గీకితే పూత పొరలా ఊడి కింద ఎర్రటి పొడి కనిపించింది, కొన్నాళ్ళకు అక్కడినుంచి గోడ సున్నం మీద జానెడు పొడవున తుప్పు చార దిగింది. గుడ్డ మాత్రం కొత్తదానిలాగే ఉంది. వేరే గదికి బిగించడానికి వచ్చిన పెద్దవయసు ఫిట్టరు తన డబ్బాలోని స్క్రూలు చూపించి, “అమ్మా, ఇవి సముద్రం పక్కన నిలవవు, మీరే స్టీలువి కొనివ్వండి, నేను బిగిస్తాను” అన్నాడు. అప్పటినుంచి స్క్రూలు మేమే కొని పెడుతున్నాము. స్టెయిన్‌లెస్‌లో 304 రకం ఇంటి లోపలికి సరిపోతుంది. బాల్కనీలో, సముద్రానికి ఎదురుగా అయితే మాలిబ్డినం కలిసిన 316 రకం ఉప్పుకు ఇంకా బాగా తట్టుకుంటుంది. బ్రాకెట్టుకు అయస్కాంతం గట్టిగా అతుక్కుంటే అది పూత వేసిన ఇనుము అయ్యే అవకాశమే ఎక్కువ, దుకాణంలోనే పరీక్షించుకోవచ్చు. గొలుసు సంగతికి వస్తే, మెరిసే పూత ఉన్న లోహపు గొలుసు కంటే ప్లాస్టిక్ గొలుసే నయం, ఎండకు పసుపురంగుకు తిరుగుతుంది కాని పట్టుకుపోదు.

తరువాతి శత్రువు బూజు. వాన జల్లు తగిలిన గుడ్డను అలాగే పైకి చుట్టేస్తే గాలాడని ఆ చుట్టలో నల్లటి చుక్కలు పడతాయి, అవి ఎంత రుద్దినా పూర్తిగా పోవు. ఫ్యాను వేసి ఆరేదాకా దించి ఉంచాలి. బ్లాక్‌అవుట్ గుడ్డను గట్టిగా రుద్దినా, మడిచినా వెనక పూత చిట్లి, చిట్లిన ప్రతిచోటా సూది బెజ్జాల్లాగా వెలుగు వస్తుంది. మెత్తటి గుడ్డను తడిపి పిండి తేలికగా అద్దడమే దానికి తగిన శుభ్రం.

కొలతలు దుకాణంవాళ్ళే తీసుకుంటారు, అయినా పక్కన నిలబడి చూడండి. వెడల్పును పైన, మధ్యలో, కింద మూడుచోట్ల కొలిచి చట్రం లోపలికైతే అన్నిటికంటే తక్కువదే రాయాలి, ఎందుకంటే మన గోడలు తిన్నగా ఉండడం అరుదు. స్లైడింగ్ కిటికీ పిడి, దోమల మెష్ తలుపు, లోపలి వైపు గ్రిల్ ఉంటే గుడ్డ వాటికి తగలకుండా దిగుతుందో లేదో అప్పుడే తేల్చుకోవాలి. ధర చదరపు అడుగుకు చెబుతారు. ఐదడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు కిటికీ 20 చదరపు అడుగులే అయినా, గోడకు బిగించడానికి వెడల్పు ఆరంగుళాలు, ఎత్తు ఎనిమిదంగుళాలు పెంచేసరికి అది 25 దాటుతుంది. చిన్న కిటికీలకు కనీసం ఇన్ని అడుగులకు డబ్బు కట్టాలన్న నియమం కూడా చాలాచోట్ల ఉంటుంది, బాత్‌రూము వెంటిలేటరుకు బ్లైండు అడిగినప్పుడు అది బయటపడుతుంది. బాగా వెడల్పైన కిటికీకి ఒకే రోలరు వేస్తే సన్నని గొట్టం మధ్యలో కుంగి గుడ్డ ముడతలు పడుతుంది. లావు గొట్టమైనా అడగాలి, రెండుగా విడగొట్టించైనా వేయించుకోవాలి.

చిన్నపిల్లలు తిరిగే ఇల్లయితే వేలాడే గొలుసు నిజంగా ప్రమాదం, అది మెడకు చుట్టుకునే అవకాశం ఉంది. గొలుసును బిగువుగా గోడకు పట్టి ఉంచే చిన్న క్లిప్పు డబ్బాలోనే వస్తుంది, ఫిట్టర్లు తొందరలో దాన్ని బిగించకుండా వదిలేస్తుంటారు. అడిగి బిగింపించుకోవాలి, మంచం గాని ఉయ్యాల గాని ఆ కిటికీ పక్కన వేయకూడదు.

గ్యారంటీ కాగితం మీద ఎన్నేళ్ళని రాసి ఉన్నా అది గుడ్డకా, గొట్టానికా, బ్రాకెట్లకు కూడానా, ఉప్పుగాలి తుప్పు అందులోకి వస్తుందా అన్నది డబ్బు కట్టకముందే రాయించుకోవాలి. మాకు గుడ్డకు ఉన్న హామీ బ్రాకెట్లకు లేదని తుప్పు పట్టాకే ఆ దుకాణం చెప్పింది. బిల్లు మీద గుడ్డ పేరు, షేడు నంబరు కూడా వేయించుకుంటే పక్కపక్కన ఉన్న కిటికీల్లో ఒకదాని గుడ్డ ముందుగా పాడైనా అదే రంగు మళ్ళీ తెప్పించుకోవచ్చు.