తొమ్మిదేళ్ల వాడకం తరువాత మా ఇంటి ఫ్రంట్‌లోడ్ వాషింగ్ మెషీన్

2016 సెప్టెంబరులో, హైదరాబాదులో ఇప్పుడుంటున్న అపార్టుమెంటులోకి దిగిన రెండు నెలలకు, 7 కిలోల ఫ్రంట్‌లోడ్ మెషీన్ కొన్నాము. పిండేటప్పుడు నిమిషానికి 1200 చుట్ల వరకు తిరిగే రకం, నీటిని లోపలే వేడి చేసుకునే హీటరు ఉన్నది. అత్తగారు, మామగారు, మేమిద్దరం, మా అబ్బాయి కలిపి ఇంట్లో ఐదుగురం కావడంతో వారానికి నాలుగైదు సార్లు నడుస్తుంది. ఆ లెక్కన ఇప్పటికి సుమారు రెండు వేల విడతల బట్టలు ఉతికి ఉంటుంది. కొన్న వారానికే రాసే అభిప్రాయాలలో ఉతుకు ఎంత తెల్లగా వచ్చిందో ఉంటుంది తప్ప, మూడో ఏట ఏం పాడవుతుందో, ఏడో ఏట ఏం మోగుతుందో ఉండదు. కంపెనీ పేరు చెప్పడం లేదు. నేను చెప్పదలచుకున్నవి ఏ కంపెనీ ఫ్రంట్‌లోడ్‌కైనా చాలావరకు వర్తించేవే.

ముందుగా ఉతుకు సంగతి. ఈ మెషీన్లో డ్రమ్ము అడ్డంగా ఉంటుంది, అడుగున కొద్దిపాటి నీళ్లే ఉంటాయి. తడిసిన బట్టలు డ్రమ్ముతోపాటు పైకి లేచి మళ్లీ కింద పడుతుంటాయి. చాకిరేవులో బండకేసి కొట్టడంలో ఉన్న పనినే ఇది మెల్లగా, బట్ట చిరగకుండా చేస్తుంది. నీళ్లు ఎంత వాడుతుందో తెలుసుకోవాలని ఒకసారి బయటికి వచ్చే నీటినంతా 18 లీటర్ల బకెట్లలో పట్టి చూశాను. మామూలు కాటన్ ప్రోగ్రాముకు మూడు బకెట్లు నిండి కొద్దిగా మిగిలింది. అంతకుముందున్న పైన మూత మెషీన్‌కు అన్నే బట్టలకు ఏడు బకెట్లు పట్టేవి. ఏప్రిల్, మే నెలల్లో ట్యాంకరు కోసం ఎదురుచూసే కాలనీలో ఈ తేడా చిన్నది కాదు.

స్కూలు యూనిఫాం కాలర్లు, మామగారి తెల్ల పంచెలు, దుప్పట్లు ఎంతో శుభ్రంగా వస్తాయి. నేత చీరలను మాత్రం వలసంచిలో పెట్టి, పిండే వేగాన్ని 600కు తగ్గించి వేస్తాను. పట్టుచీరలు అసలు వేయను. లంగా బొందులు లోపలికి ముడివేయకపోతే మిగతా బట్టలన్నిటినీ చుట్టేసుకుని ఒకే ముద్దగా బయటికి వస్తాయి. పసుపు మరక మీద డిటర్జెంటు పడగానే ఎర్రబడుతుంది. అది పసుపుకు క్షారం తగలడం వల్ల వచ్చే రంగే కాని బట్ట పాడవడం కాదు, ఉతికాక ఎండలో ఆరవేస్తే వెలిసిపోతుంది. మధ్యలో మరచిపోయిన చొక్కాను వేయడానికి తలుపు తెరుచుకోదనీ, రెండు గంటలకు పైగా తిరుగుతుందనీ మా అత్తగారు మొదటి ఏడాది చాలా ఇబ్బంది పడ్డారు. ఆవిడ అభ్యంతరం న్యాయమైనదే, ఇప్పటికీ అది లోపమే.

ఇక మెషీన్‌కు వచ్చిన కష్టాలలో సగానికి పైగా మా నీళ్లవల్ల వచ్చినవే. మాకు రోజు విడిచి రోజు కృష్ణా నీళ్లు వస్తాయి, తక్కినదంతా బోరు, రెండూ ఒకే ట్యాంకులో కలుస్తాయి. బోరు నీటిని పరీక్ష చేయిస్తే కఠినత లీటరుకు 540 మిల్లీగ్రాములని తేలింది. తాగునీటికి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 10500 ప్రకారం 200 వరకు మంచిది, వేరే నీళ్లు దొరకనప్పుడు 600 వరకు పరవాలేదు. అలాంటి నీటిలోని కాల్షియం, మెగ్నీషియం డిటర్జెంటు బలాన్ని లాగేసుకుంటాయి, వేడి తగిలినచోట సున్నంగా పేరుకుంటాయి. మూడో ఏట తువ్వాళ్లు అట్టల్లా బిరుసెక్కడం మొదలైంది. 60 డిగ్రీల ప్రోగ్రాము అరగంట ఎక్కువ తీసుకోసాగింది. అది హెచ్చరిక అని అప్పుడు నాకు తెలియలేదు. నాలుగో ఏట ఒకరోజు మెషీన్ వేయగానే ఇంట్లో కరెంటు ట్రిప్ అయింది. మెకానిక్ హీటరును బయటికి తీసి చూపితే, దాని మీద చిటికెనవేలు మందాన సున్నం గడ్డకట్టి, లోపలి తీగ కాలిపోయి, హీటరు గొట్టం చీలి ఉన్నది.

అప్పటినుంచి రెండు నెలలకొకసారి ఖాళీ డ్రమ్ములో 100 గ్రాముల నిమ్మ ఉప్పు వేసి 60 డిగ్రీల మీద నడుపుతున్నాను. కిరాణా కొట్టులో దొరికే నిమ్మ ఉప్పే చాలు. కంపెనీ మనిషి అమ్మజూపే ఖరీదైన పొడి పెట్టెలు కొనలేదు, వాటి అవసరమూ కనిపించలేదు. ఆ రోజు బ్లీచింగు పొడి గాని, బ్లీచ్ ద్రవం గాని దరిదాపుల్లో వాడకూడదు, ఆమ్లంతో కలిస్తే విషవాయువు వస్తుంది. ఈ అలవాటు మొదలుపెట్టాక కొత్త హీటరు ఐదేళ్లుగా పనిచేస్తున్నది. హీటరు కరెంటు బిల్లును పెంచేస్తుందని భయపడి కొందరు ఎప్పుడూ చల్లటి నీళ్లే వాడతారు. డ్రమ్ములో ఉండే 15 లీటర్ల నీటిని 25 డిగ్రీల నుంచి 40కి తేవడానికి పావు యూనిట్, 60కి తేవడానికి 0.6 యూనిట్ పడుతుంది. జిడ్డు పట్టిన బట్టలకు, పిల్లల దుప్పట్లకు ఆ ఖర్చు పెట్టవలసిందే అని నా అభిప్రాయం.

డిటర్జెంటు విషయంలో నేను చేసిన పొరపాటు చెప్పాలి. చేత్తో ఉతికే పొడి మిగిలి ఉన్నదని మొదటి నెలలో అదే వేశాను. తలుపు అద్దం నిండా నురుగు నిండింది. నురుగు మెత్తగా అడ్డుపడితే బట్టలు కిందపడినా దెబ్బ తగలదు. పంపు నీటిని తోడగలదు కాని నురుగును తోడలేదు. మెషీన్ మళ్లీ మళ్లీ జాడించి, చివరికి మధ్యలోనే ఆగిపోయింది. నురుగు తక్కువ వచ్చే, ఫ్రంట్‌లోడ్ కోసమే చేసిన డిటర్జెంటు తప్పనిసరి. నిండా వేసిన బట్టలకు నేను 45 మిల్లీలీటర్ల లిక్విడు వాడతాను. నీళ్లు మంచివైన ఇంట్లో అందులో సగం సరిపోవచ్చు; మా నీటికి అంతకన్నా తగ్గిస్తే తెల్లబట్టలు బూడిద రంగుకు తిరుగుతున్నాయి.

తలుపు చుట్టూ ఉండే రబ్బరు మడతలో ప్రతిసారీ కొన్ని నీళ్లు, నూలు పీచు నిలుస్తాయి. ఉతకగానే తలుపు మూసేస్తే పదిరోజుల్లో మురుగు వాసన, నెలలో నల్లని బూజు చుక్కలు వస్తాయి. మాకు వచ్చిన బూజు ఏ మందుకూ పోక, ఐదో ఏట రబ్బరే మార్చాము. ఇప్పుడు బట్టలు తీసిన వెంటనే పాత బనియను గుడ్డతో మడతను విప్పి తుడిచి, తలుపును బెత్తెడు తెరిచి, సబ్బు పెట్టెను బయటికి లాగి వదిలేస్తున్నాము. ఆ తరువాత నాలుగేళ్లలో వాసన రాలేదు. బట్టలు మెత్తబడటానికి వేసే పరిమళ ద్రవాన్ని కూడా మానేశాను, మడతల్లో జిగట పేరుకోవడానికి అదే ఎక్కువ కారణమని గమనించాను.

నీళ్లు బయటికి పోకుండా మెషీన్ ఆగి, తలుపు తెరుచుకోకపోతే కంగారు పడనవసరం లేదు. 2019లో పండగ ముందురోజు అలా జరిగితే మెకానిక్‌ను పిలిచాము, ఐదు నిమిషాల పనికి రాక ఖర్చు ఇచ్చుకున్నాము. ముందుభాగంలో కింద మూలన చిన్న మూత ఉంటుంది. స్విచ్చి ఆపి, కుళాయి కట్టి, లోపలి నీళ్లు చల్లారాక, మూత వెనకున్న సన్నని గొట్టం ద్వారా నీటిని పళ్లెంలోకి వదలాలి. తరువాత పక్కనున్న ఫిల్టరును ఎడమవైపు తిప్పితే ఊడివస్తుంది. ఆరోజు అందులో రెండు పిన్నీసులు, ఒక రూపాయి బిళ్ల, వెంట్రుకల ఉండ, నాలుగైదు బొట్టుబిళ్లలు దొరికాయి. ఫిల్టరు తీసినప్పుడు లోపలి పంపు రెక్కను వేలితో తిప్పి చూడాలి, పిన్నీసు సాధారణంగా అక్కడే ఇరుక్కుంటుంది. చీరకు పెట్టిన పిన్నీసులు తీశామో లేదో చూడటం ఇప్పుడు మా ఇంట్లో అందరి బాధ్యత.

మరో ఇబ్బందికి మెషీన్ తప్పేమీ లేదు. బాల్కనీలో టైల్సు వేయించినప్పుడు మెషీన్‌ను జరిపి, నీళ్లు పోయే గొట్టాన్ని నేల మీది జాలీలోకి వదిలారు. ఆనాటినుంచి కుళాయి నీళ్లు వస్తూనే ఉన్నాయి, గంటలు గడిచినా ఉతుకు మొదలు కాదు. గొట్టం కొన డ్రమ్ములోని నీటిమట్టం కన్నా కిందికి ఉండటంతో నీళ్లు వచ్చినవి వచ్చినట్టే జారిపోతున్నాయి. కొనను నేలకు 60 నుంచి 100 సెంటీమీటర్ల ఎత్తున కట్టగానే అంతా సర్దుకుంది. మాది చివరి అంతస్తు కావడంతో మరో కష్టం కూడా ఉండేది: ట్యాంకు అడుగు మా కుళాయికి రెండు మీటర్ల పైన మాత్రమే ఉన్నది, మెషీన్‌కు 0.3 బార్, అంటే మూడు మీటర్ల ఎత్తు నీటి ఒత్తిడి కావాలి. చిన్న ప్రెషర్ పంపు పెట్టుకున్నాము. ఒత్తిడి బాగానే ఉండీ నీళ్లు సన్నగా వస్తుంటే, గొట్టం బిగించేచోట ఉండే జల్లెడలో ఇసుక చేరిందని అర్థం.

అదురు గురించి క్లుప్తంగా చెబుతాను. రవాణాలో డ్రమ్ము కదలకుండా వెనక బిగించిన బోల్టులను తీసి, దాచుకోవాలి, ఇల్లు మారేటప్పుడు మళ్లీ అవసరమవుతాయి. మా ఎదురింటివారు వాటిని తీయకుండానే మొదటిసారి నడిపితే మెషీన్ గది మధ్యకు జరిగి వచ్చింది. నాలుగు కాళ్లూ నేలకు సమంగా ఆనాలి. చక్రాల స్టాండు ఈ రకానికి నప్పదు. ఒక్క మందపాటి దుప్పటిని ఒంటరిగా వేసినా బరువంతా ఒకవైపే చేరి పిండదు, దానికి తోడు రెండు తువ్వాళ్లు వేస్తే పిండుతుంది. అడుగున రేకు లేని మోడలైతే ఎలుకలు దూరకుండా తీగజాలీ బిగించుకోవడం మొదటిరోజే చేయవలసిన పని. మాకు ఒకసారి వైర్లు కొరికాక తెలిసింది.

అన్నిటికన్నా పెద్ద మరమ్మతు 2023లో వచ్చింది. పిండేటప్పుడు విమానం లేస్తున్నంత హోరు మొదలై, నెలనెలా పెరిగింది. ఖాళీ డ్రమ్మును చేత్తో పైకెత్తి చూస్తే అటూ ఇటూ ఊగింది, తిప్పితే గరగరమంది. డ్రమ్ము వెనకనున్న రబ్బరు సీలు అరిగి, నీళ్లు బేరింగుల్లోకి దిగి తుప్పు పట్టిందన్నమాట. సర్వీసు సెంటరువారు డ్రమ్ము చుట్టూ నీళ్లు నిలిచే తొట్టి మొత్తం మార్చాలన్నారు, దాని ఖర్చు కొత్త మెషీన్ ధరలో సగానికి దగ్గరగా ఉన్నది. మా వీధి మెకానిక్ తొట్టిని చూసి, రెండు సగాలు బోల్టులతో బిగించినవే కాబట్టి విప్పవచ్చని చెప్పాడు. రాణిగంజ్‌లో 6205, 6206 నంబర్ల బేరింగులు, కొత్త సీలు తెచ్చి, ఒక రోజంతా కూర్చుని మార్చాడు. డ్రమ్మును మోసే మూడు చేతుల అల్యూమినియం చట్రం కూడా తెల్లగా తినివేసి ఉండటం అప్పుడే చూశాము. శుభ్రం చేసి, ఇంకొన్నేళ్లు వస్తుందని మళ్లీ అదే బిగించాడు. రెండేళ్లు దాటినా ఇప్పటికి చప్పుడు లేదు. 7 కిలోలని రాసి ఉన్నా, ఆ తరువాత నేను ఐదు కిలోలకు మించి వేయడం లేదు.

కొన్ని మోడళ్లలో తొట్టి రెండు సగాలను కరిగించి అతికిస్తారు. అలాంటివాటిలో ఇరవై వేల మెషీన్ ఆయువు రెండు చిన్న బేరింగుల మీద ఆధారపడి ఉంటుంది. మా మెషీన్‌లోని ఆ అల్యూమినియం చట్రం పూర్తిగా పోయి మరో మెషీన్ కొనవలసి వచ్చిననాడు, స్టార్లు ఎన్ని, ప్రోగ్రాములు ఎన్ని అని కాక, తొట్టి విప్పడానికి వీలుందా అని ముందు అడుగుతాను. అది కూడా అమ్మే షోరూములో కాదు, విడిభాగాలు అమ్మే కొట్టులో.