బ్రిడ్జ్ హ్యామాక్‌కి కార్బన్ ఫైబర్ స్ప్రెడర్ బార్లు: నాలుగేళ్ల వాడకం తర్వాత

కొసలు కుచ్చుగా ముడిచి చెట్ల మధ్య కట్టే గుడ్డ ఊయల, అంటే మామూలు హ్యామాక్‌కి ఈ బార్లతో పనే లేదు. తల దగ్గర ఒకటి, కాళ్ల దగ్గర ఒకటి అడ్డంగా దూర్చి మంచంలా పరిచే బ్రిడ్జ్ హ్యామాక్‌కే ఇవి కావాలి. ఈ సమీక్షలోని జత కొలతలివి: తల వైపు బారు 90 సెంటీమీటర్లు, కాళ్ల వైపుది 75. గొట్టం బయటి వ్యాసం 16 మిల్లీమీటర్లు, లోపలిది 14. రెండూ మధ్యలో విడిపోయి రెండేసి ముక్కలవుతాయి.

ముందు బరువు సంగతి. కొసలూ అతుకులూ పక్కన పెడితే ఈ కొలతలో రెండు కార్బన్ గొట్టాలూ కలిపి 120 గ్రాములు. అదే కొలతలో అల్యూమినియం అయితే 210. అంటే మిగిలేది 90 గ్రాములు. అంతకంటే ఎక్కువ మిగులుతుందని ఎవరైనా అంటే గొట్టం సన్నదై ఉండాలి, లేదా కార్బన్ వైపు మాత్రమే కొసల బరువు లెక్కలో కలపకపోయి ఉండాలి.

చాలామంది పొరపాటు పడేది సన్నదనం దగ్గరే. 12/10 గొట్టాలు (బయటి వ్యాసం 12, లోపలిది 10 మిల్లీమీటర్లు) తీసుకుంటే జత 90 గ్రాముల్లోకి వచ్చేస్తుంది, చూడ్డానికీ ముచ్చటగా ఉంటుంది. కానీ ఈ బారు మీద పడేది రెండు కొసల నుంచీ లోపలికి నొక్కే బలం. అలా నొక్కితే సన్నని గొట్టం నలగదు, నడుం దగ్గర పక్కకి వంగి పుటుక్కుమంటుంది. కార్బన్ బిగువు, అంటే వంగకుండా నిలిచే గుణం, అల్యూమినియం కంటే ఒకటిన్నర రెట్లు అనుకుని, కొసల నుంచి ఎంత నొక్కితే కడ్డీ పక్కకి వంగుతుందో చెప్పే ఆయిలర్ సూత్రంతో లెక్కేస్తే, 90 సెంటీమీటర్ల 12/10 గొట్టం సుమారు 65 కిలోల దగ్గర వంగిపోతుంది. 16/14 అయితే 165 దాకా ఆగుతుంది. 30 గ్రాముల కోసం బలంలో సగం కంటే ఎక్కువ వదులుకోవడం నాకైతే తెలివైన బేరం కాదు.

గోడ మందం పెంచితే సరిపోదా అంటే, అది ఖరీదైన దారి. 16/13 జత 175 గ్రాములు తూగుతుంది. 18/16 జత 137 గ్రాములే, పైగా దానికంటే బిగువు ఎక్కువ. కాబట్టి లావు చూసి కొనండి, మందం చూసి కాదు. అలాగని ఒక మిల్లీమీటరు కంటే పల్చటి గోడ వద్దు, సంచిలో ఏదైనా మొన తగిలితేనే నొక్కు పడుతుంది. కాళ్ల వైపు బారు పొట్టిది కనుక 14/12 అయినా ఆగుతుంది. అయితే మిగిలేది ఏడెనిమిది గ్రాములే, రెండూ ఒకే వ్యాసంలో ఉంటే అతుకు ముక్క ఒకదానిది ఇంకోదానికి పనికొస్తుంది. నేను ఆ సౌలభ్యానికే ఓటేస్తాను.

అసలు బారు మీద ఎంత బలం పడుతుందన్నది కట్టే తీరును బట్టి ఉంటుంది. మనిషి 80 కిలోలు, చెట్టుకు కట్టే పట్టీ 30 డిగ్రీల వాలు, బారు కొసల నుంచి వెళ్లి కలుసుకునే రెండు తాళ్లూ బారంత పొడవు అనుకోండి. బారూ ఆ రెండు తాళ్లూ కలిసిన త్రికోణం ఒక్కటే బారును 23 కిలోల బలంతో నొక్కుతుంది. గుడ్డ పక్క అంచుల లాగుడు కూడా కలిస్తే 35 దాటుతుంది. దభీమని కూర్చుంటే ఇంకా పైకి పోతుంది. పట్టీని 15 డిగ్రీలకు బిగించి కడితే ఆ 23 కాస్తా 45 అవుతుంది. చెట్లు దగ్గరగా ఉన్నాయని త్రికోణం తాళ్లను 60 సెంటీమీటర్లకు కుదించినా అదే 45. ఈ రెండు తప్పులూ ఒకేసారి చేస్తే సన్నని గొట్టానికి మూడినట్టే.

ఇక గొట్టం రకం. గాలిపటాల కడ్డీల్లా పోగులన్నీ నిలువునా సాగిన పల్ట్రూడెడ్ గొట్టం చవక, తిన్నగా ఉంటుంది, కానీ కొసన కాస్త ఒత్తిడి పడితే వెదురు బొంగులా నిలువునా చీలుతుంది. పొరలు చుట్టి చేసిన రోల్-ర్యాప్డ్ గొట్టంలో అడ్డపోగులు కూడా ఉంటాయి కనుక చీలికను అవి పట్టి ఆపుతాయి. కొసను ఎదురుగా పట్టుకుని చూస్తే, చుట్టిన గొట్టంలో పొరల అంచు సన్నని సున్నా చుట్లలా కనబడుతుంది.

కొసల దగ్గరే అసలు కథ. ఈ బార్లు ఆరోగ్యంగా ఉన్నాయా లేదా అని తేల్చేది నడుం కాదు, చివరి రెండు సెంటీమీటర్లు. నా జతకు లోపల దూర్చే అల్యూమినియం బిరడాలు వచ్చాయి. బిరడా ఏమాత్రం వదులైనా లోడు పడ్డప్పుడల్లా పక్కకి ఒరిగి, గొట్టం గోడను లోపలి నుంచి తెరుస్తుంది. మొదటి ఏడాదిలోనే ఒక కొస రెండు సెంటీమీటర్లు చీలింది. బయట నుంచి టోపీలా పట్టే కొస అయితే గోడను చుట్టూ బిగించి ఉంచుతుంది. దొరికితే అదే తీసుకోండి. లోపలి బిరడానే అయితే దానికి గొట్టం అంచు మీద ఆనే చిన్న మెడ ఉండాలి, లేకపోతే మొత్తం భారం జిగురు మీదే పడుతుంది.

బాగుచేయడం కష్టం కాదు. చీలిక చివర దాటి ఐదు మిల్లీమీటర్ల దగ్గర మాస్కింగ్ టేపు చుట్టి, అంగుళానికి 32 పళ్లున్న హ్యాక్సా బ్లేడుతో, గొట్టాన్ని తిప్పుతూ చుట్టూ కొద్దికొద్దిగా కోయాలి. ఒకే వైపు నుంచి దించేస్తే చివర్లో పీచు లేస్తుంది. మాస్కు తప్పనిసరి, గొట్టం తడిపి కోస్తే దుమ్ము ఎగరదు. లోపలి గోడనూ బిరడానూ 120 నంబరు ఎమరీ పేపరుతో గరుకు చేసి స్పిరిటుతో తుడవండి. ఐదు నిమిషాల ఎపాక్సీ జిగురు కాకుండా ఒక రోజంతా ఆరే రకం వాడండి. హాట్ గ్లూ అసలే వద్దు, ఎండకి మెత్తబడుతుంది. ఎపాక్సీ పొర బిరడా చుట్టూ ఖాళీ లేకుండా ఉండాలి. కార్బన్, అల్యూమినియం నేరుగా తగిలి తడి చేరితే అల్యూమినియం తెల్లగా బూజు పట్టినట్టయి తినుకుపోతుంది. చివరగా కొస మీద 15 మిల్లీమీటర్ల మేర గట్టి దారం బిగుతుగా చుట్టి, దానికీ ఎపాక్సీ తాగించండి. వేడికి ముడుచుకునే హీట్ ష్రింక్ ట్యూబు ఒక్కటే తొడిగితే చీలిక కనబడకుండా పోతుందంతే, ఆగదు.

మధ్య అతుకు లోపల దూరే ముక్క ఇరువైపులా కనీసం 40 మిల్లీమీటర్లు వెళ్లాలి. కలిపాక బారును కళ్ల ముందు పెట్టి తిన్నగా చూడండి. అతుకు దగ్గర కొద్దిపాటి వంకర ఉన్నా పైన చెప్పిన 165 లెక్క చెల్లదు.

ప్రతి ప్రయాణం ముందూ దూది ఉండ ఒకటి గొట్టం పొడవునా నెమ్మదిగా లాగుతాను. ఎక్కడైనా పోగు లేచి ఉంటే దూది అక్కడ చిక్కుకుని తెల్లటి వెంట్రుక వదులుతుంది. వేలితో రాస్తే కూడా తెలుస్తుంది కానీ ఆ పీచు చర్మంలో దిగితే బయటికి తీయడం నరకం. తర్వాత నాణెంతో టకటకా కొట్టుకుంటూ పోవాలి. గణగణమనే చోట్ల మధ్య ఎక్కడైనా చప్పుడు మొద్దుబారితే లోపల పొర విడిందని అర్థం.

వాడేటప్పుడు బారు పట్టుకుని లేవడం, బారు మీద చేరగిలబడటం మానుకోవాలి. ఇది నొక్కుడుకు చేసినది, వంపుకు కాదు. అల్యూమినియం అయితే ముందు వంగి హెచ్చరిస్తుంది. కార్బన్ చెప్పకుండా విరిగి, కత్తుల్లాంటి పుల్లలు మొహం పక్కనే వదులుతుంది. అందుకే తల వైపు బారుకు పొడవునా పల్చటి నైలాన్ తొడుగు వేశాను. పిల్లలు ఎక్కి ఊగే హ్యామాక్ అయినా, కారు దగ్గరే మకాం వేసేవాళ్లయినా ఆ 90 గ్రాములు మరచిపోయి అల్యూమినియం కొనుక్కోవడం మేలు.

కార్బనే తీసుకుంటే, లోపలి వ్యాసం 16 మిల్లీమీటర్ల కంటే వెంట్రుకవాసి ఎక్కువున్న, 15 సెంటీమీటర్ల పొడవు అల్యూమినియం గొట్టం ముక్క ఒకటి సంచిలో వేసుకోండి. 20 గ్రాములకు కాస్త పైన తూగుతుంది. దారిలో బారు విరిగితే విరిగినచోట దాన్ని తొడిగి, రెండు వైపులా టేపు చుడితే ఆ రాత్రికి నేల మీద పడుకోనక్కర్లేదు.