పసుపా, కర్క్యుమిన్ క్యాప్సూలా: ఏది మేలు?

పసుపు పొడి మేలా, పసుపులోని కర్క్యుమిన్ అనే పదార్థంతో చేసిన క్యాప్సూల్ మేలా అని మహారాణిపేటలోని మా మందుల షాపులో వారానికి పదిమందైనా అడుగుతారు. మోకాళ్ల నొప్పులున్న ఒక పెద్దావిడ నిన్న అన్నారు: "కూరలో వేసుకునేదే కదా బాబూ, క్యాప్సూల్ మింగితే తప్పేమిటి?"

లెక్క వేసి చూపించాను. మంచి పసుపులో కర్క్యుమిన్, దాని తోబుట్టువుల్లాంటి మరో రెండు పదార్థాలు కలిపి సుమారు మూడు శాతం. మూడు గ్రాముల చెంచా పొడికి 90 మిల్లీగ్రాములు. ఈ పదార్థాలు 95 శాతం ఉండే సారంతో చేసిన 500 మిల్లీగ్రాముల క్యాప్సూల్‌లో 475. ఐదు చెంచాల పసుపు ఒక్క గుక్కలో!

ఆహారంలో రంగుగా వాడే కర్క్యుమిన్‌కు అంతర్జాతీయ నిపుణుల సంఘం పెట్టిన రోజువారీ హద్దు, శరీర బరువు కిలోకు 3 మిల్లీగ్రాములు. ఎలుకలకు తరం వెంట తరం తినిపించి, హాని కనబడని మోతాదును వందతో భాగించి తేల్చిన అంకె అది. 60 కిలోల మనిషికి 180. దాటగానే విషమైపోదు, కానీ వంటింటి అనుభవం ఆ మోతాదుకు పూచీ ఇవ్వదు.

నా దృష్టిలో అసలు చిక్కు కొన్ని క్యాప్సూళ్లలో కలిపే మిరియాల సారం, పైపరిన్. 1998లో బెంగళూరు పరిశోధకులు 2 గ్రాముల కర్క్యుమిన్‌కు 20 మిల్లీగ్రాముల పైపరిన్ కలిపి మనుషులకు ఇస్తే, ఒంటికి పట్టిన కర్క్యుమిన్ 2000 శాతం పెరిగింది. పేగుల్లో, కాలేయంలో మందులను విరిచి బయటకు పంపే ఎంజైములను పైపరిన్ అడ్డుకుంటుంది. ఆ అడ్డు మనం వేసుకునే ఇతర మాత్రలకూ తగులుతుంది. 2019లో ఇటలీలో పసుపు క్యాప్సూళ్లు వాడినవారిలో కాలేయ వాపు కేసులు బయటపడ్డాయి. క్యాప్సూలే కావాలంటే పైపరిన్ లేనిది, బ్యాచ్‌వారీ పరీక్ష నివేదిక చూపే కంపెనీది తీసుకోండి.

పొడికీ దాని జబ్బు దానికుంది: పసుపు రంగు కోసం కలిపే సీసం క్రోమేట్, అంటే సీసం (లెడ్) ఉన్న విషపు రంగు. పసుపులో సీసం కిలోకు 10 మిల్లీగ్రాములు మించరాదని మన ఆహార భద్రతా నిబంధన. పాడేరు కొమ్ములు కొని మర పట్టించుకోవడం నాకు నచ్చిన దారి; అయితే పాలిష్ పట్టినట్టు మెరిసే కొమ్ములు వద్దు, రంగు పూసేది వాటికే.

పచ్చి పసుపు, చుక్కల రూపంలో అమ్మే పసుపు సారం అంటారా? పచ్చిది కూరకు బాగుంటుంది, చుక్కల్లో ఎంతుందో సీసా మీద తరచూ ఉండదు.

ఆ పెద్దావిడ రక్తం పలచబరిచే మాత్ర వాడుతున్నారు. క్యాప్సూల్ ఇవ్వలేదు. ముందు డాక్టరును అడిగి రమ్మన్నాను.