హేవ్‌లాక్‌లో ఒడ్డు డైవింగ్: రేటు కంటే ముందు పోటు టైమ్ అడగండి

పడవ ఎక్కకుండా ఒడ్డు నుంచే నడిచి దిగే స్కూబా డైవ్ అంటే అండమాన్‌లోని హేవ్‌లాక్ దీవిలో ఎక్కువమంది తీసుకెళ్ళేది గోవింద్ నగర్ బీచ్ ముందున్న నీమో రీఫ్ అనే పగడపు దిబ్బకే. అదే రీఫ్‌లో మేం రెండు వేరువేరు షాపులతో దిగాం. మొదటి షాపు మీద ఇప్పటికీ మండుతోంది. రెండో షాపుని తలుచుకుంటే మళ్ళీ వెళ్ళాలనిపిస్తోంది. వెళ్ళబోయేవాళ్ళు ఈ తేడా ముందే తెలుసుకోవాలని రాస్తున్నాను.

నేను, అక్క, బావ చెన్నై మీదుగా పోర్ట్ బ్లెయిర్ చేరి, అక్కడి నుంచి ప్రైవేటు ఫెర్రీలో మనిషికి 1,650 రూపాయలు పెట్టి హేవ్‌లాక్‌లో దిగాం. ప్రయాణంలో ఏ ఇబ్బందీ లేదు. బస కూడా బాగుంది: రోజుకు 2,400కి వెదురు కాటేజీ, శుభ్రమైన బాత్రూమ్, పిలిస్తే పలికే మనుషులు.

మొదటి షాపు మనిషికి 4,500 తీసుకుంది. అరగంట నీళ్ళలో ఉంచుతామన్నారు, ఫొటోలు ఉచితమన్నారు. పొద్దున స్లాట్లు నిండిపోయాయని మధ్యాహ్నం మూడున్నరకి రమ్మన్నారు. ఆరోగ్యం గురించిన ఫారం ఇచ్చి చదవనివ్వకుండానే "కింద సంతకం పెట్టండి సార్, అందరూ పెడతారు" అని తొందరపెట్టారు. బావ బీపీ మాత్రలు వేసుకుంటాడు. ఆ సంగతి అడిగినవాడే లేడు.

ముందు రోజే పౌర్ణమి. మేం బీచ్‌కి చేరేసరికి నీళ్ళు ఎక్కడో దూరంగా ఉన్నాయి. ఆ తీరం చాలా నిదానంగా లోతవుతుంది కాబట్టి పాటు సమయంలో, అంటే పోటు తగ్గినప్పుడు, సముద్రం బాగా వెనక్కి పోతుంది, మధ్యలో ఉన్న రాళ్ళూ చచ్చిన పగడాలూ బయటపడతాయి. వీపున సిలిండర్, నడుముకి సీసం బెల్టు, అన్నీ కలిపి ఇరవై కిలోల పైమాటే. ఆ బరువుతో మోకాలి లోతు నీళ్ళలో అంత దూరం నడిపించారు. అక్క రెండుసార్లు పడింది, పగడం కోసుకుని మడమ దగ్గర రక్తం వచ్చింది. తీరా మునిగాక చూస్తే కలిపిన గంజిలా ఉన్నాయి నీళ్ళు. చాపిన నా చెయ్యి కనిపిస్తోంది, ఆ పక్కనున్న అక్క కనిపించడం లేదు. అండమాన్‌లో పొద్దు త్వరగా వాలుతుంది, చలికాలంలో ఐదున్నరకల్లా సూర్యుడు ఉండడు. నాలుగింటికే వెలుగు ఏటవాలుగా పడి, లోపల ఏ రంగూ తెలియలేదు.

కాసేపటికే పైకి తెచ్చేశారు. అరగంట కాలేదని అడిగితే అయిందని బుకాయించారు. వాళ్ళిచ్చిన ఫొటోల్లోనే టైమ్ ఉంది: మొదటి ఫొటోకీ చివరి ఫొటోకీ మధ్య పదకొండు నిమిషాలు! అది చూపిస్తే, "సముద్రం మా చేతుల్లో ఉంటుందా" అన్నాడు యజమాని. సముద్రం ఎవరి చేతుల్లోనూ ఉండదు, కానీ పోటు టైమ్ ముందే తెలుస్తుంది కదా! తెలిసీ స్లాట్ అమ్ముకున్నారు, నా కోపం అందుకే. ఒక్క రూపాయి వెనక్కి ఇవ్వలేదు. పదమూడు వేల ఐదొందలు పోయాయని బావ ఆ రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు.

రెండో షాపు దొరికింది కాటేజీ కుర్రాడి పుణ్యాన. ఇన్‌స్ట్రక్టర్ పోర్ట్ బ్లెయిర్‌లో పుట్టి పెరిగిన తెలుగువాడు, తాతలది శ్రీకాకుళం వైపు. రేటు చెప్పకముందే ఫోన్‌లో పోటు పట్టిక తీశాడు. "రేపు పది దాటాక నిండు పోటండి. ఆ టైమ్‌కి వస్తేనే దింపుతాను, లేదంటే వద్దు" అన్నాడు. పౌర్ణమికీ అమావాస్యకీ పోటూ పాటూ పెద్దవిగా ఉంటాయని, అష్టమి దగ్గర నీటి కదలిక తక్కువని, పోటు రోజురోజుకీ ముప్పావు గంటకు పైగా ఆలస్యమవుతుందని చెప్పాడు. మనిషికి 3,800, ఫొటోలు అందులోనే.

ఫారం మాత్రం ఒక్కో ప్రశ్నా చదివించాడు. ఉబ్బసం, చెవి ఆపరేషన్లు, జలుబు, బీపీ అన్నీ ఉన్నాయి. బావ బీపీ అనగానే, డాక్టర్ సర్టిఫికెట్ లేకుండా దింపనని చెప్పేశాడు. బావ చాలా వాదించాడు, నిన్న దిగాను కదా అన్నాడు. "నిన్న దింపినవాళ్ళది తప్పండి" అని నెమ్మదిగా అన్నాడే తప్ప మెత్తబడలేదు. బావ సాయంత్రం దాకా మాట్లాడలేదు గానీ, నాకు ఆ ఇన్‌స్ట్రక్టర్ మీద గౌరవం పెరిగింది.

పోటు మీద నాలుగడుగులు వేయగానే నడుము లోతు. అక్కడే నిలబెట్టి, నోట్లో పెట్టుకునే రెగ్యులేటర్‌తో సిలిండర్ గాలి పీల్చడం, మాస్క్‌లోకి నీళ్ళొస్తే ఊది పంపేయడం, ముక్కు మూసి చెవులు సర్దుకోవడం నేర్పాడు. పది మీటర్ల లోతుకి వెళ్తే పైనున్న ఒత్తిడికి రెట్టింపు ఉంటుంది, చెవి సర్దుకోకుండా దిగితే నొప్పి భరించలేం. అందుకని మీటరు మీటరుకీ ఆగాడు. మేం ఎనిమిది మీటర్ల దాకా వెళ్ళాం. ఇసుక మీద అక్కడక్కడ పగడపు గుట్టలు. ఒక గుట్ట మీద లావుపాటి వేళ్ళలా ఊగుతున్న ఎనిమోన్ అనే సముద్రజీవి, దాని మధ్య వేలెడంత నారింజ రంగు చేప, ఒంటి మీద తెల్ల పట్టీలు. నేను దగ్గరికి వెళ్తే పారిపోతుందనుకున్నాను. అదే ఎదురొచ్చి నా మాస్క్ అద్దం దాకా దూకి, వెనక్కి వెళ్ళి ఆ వేళ్ళలో దూరింది. మళ్ళీ వచ్చింది. తన ఇల్లు కాచుకుంటోంది! అక్క నా చెయ్యి నొక్కి నొక్కి వదిలింది. నలభై నిమిషాలు ఎలా గడిచాయో తెలియలేదు.

మన విశాఖ తీరం చూసి ఒడ్డు డైవింగ్ ఇక్కడా ఇంతే తేలిగ్గా ఉంటుందిలే అనుకోకండి. మన దగ్గర అలలు ఒడ్డునే విరుగుతాయి, సిలిండర్‌తో నిలబడటమే కష్టం. హేవ్‌లాక్ తూర్పు తీరం నవంబరు నుంచి ఏప్రిల్ దాకా చాలా రోజులు చెరువులా ఉంటుంది. నైరుతి వానలు మొదలయ్యాక వెళ్ళొద్దు.

బీపీ, షుగర్, ఉబ్బసం ఉన్నవాళ్ళు ఇంటి దగ్గరే డాక్టర్‌తో రాయించుకుని వెళ్ళండి. వరసగా రెండు రోజులు డైవ్ చేస్తే విమానానికీ ఆఖరి డైవ్‌కీ మధ్య కనీసం 18 గంటలు ఉండాలి. మొదటి షాపు ఆ మాటే ఎత్తలేదు. ఒడ్డున దొరికిందని పగడం ముక్క సంచీలో వేసుకోకండి, వన్యప్రాణి చట్టం కింద అది నేరం, ఎయిర్‌పోర్టులో సామాను తనిఖీలో దొరికిపోతారు.