మాన్‌స్టరా, పారనోయా ఏజెంటా: ముందు ఏది చూడాలి?

రెండూ 2004లో మొదలైన జపనీస్ యానిమే (యానిమేషన్) సిరీస్‌లే, రెండూ మ్యాడ్‌హౌస్ స్టూడియోవే. భయపెట్టే తీరు మాత్రం పూర్తిగా వేరు.

సతోషి కోన్ తీసిన పారనోయా ఏజెంట్ 13 ఎపిసోడ్లే. వంగిన బంగారు రంగు బ్యాటు పట్టుకుని, స్కేట్లేసుకుని వచ్చే కుర్రాడు జనాన్ని కొడుతుంటాడు. గమనిస్తే, దెబ్బ తిన్నవాళ్లలో చాలామంది అప్పటికే ఎటూ పాలుపోక నలిగిపోతున్నవాళ్లు. ఆ దెబ్బే వాళ్లకి ఊరట! నాకు ఒళ్లు జలదరించింది అక్కడే.

మాన్‌స్టర్ 74 ఎపిసోడ్లు, నిదానంగా నడుస్తుంది. జర్మనీలో పనిచేసే డాక్టర్ టెన్మా, ఆపరేషన్ అవసరమైన మేయర్‌ని పక్కనపెట్టి, తలలో తూటా దిగిన పిల్లాడికి ఆపరేషన్ చేసి బతికిస్తాడు. ఏళ్ల తర్వాత ఆ పిల్లాడే, యోహాన్, హంతకుడిగా ఎదురవుతాడు. అతను మెల్లగా, మర్యాదగా మాట్లాడుతుంటేనే అసలు టెన్షన్. ఓపిక ఉంటే ముందు ఇదే చూడండి.