సురభి నాటకాలు: మాయల నడుమ వినవలసిన పద్యం

ఈ చలికాలంలో సురభి వారి మాయాబజార్, భక్త ప్రహ్లాద, లవకుశ నాటకాలను వారానికొకటి చొప్పున చూశాను. సురభి పేరు వినగానే గాలిలో ఎగిరే ఘటోత్కచుణ్ణి, ఎదురెదురుగా వచ్చి నిప్పురవ్వలు రాల్చే బాణాలను తలచుకొని వెళ్లేవారే ఎక్కువ. నేనూ మొదటి రోజు అలాగే వెళ్లాను. మూడో నాటకం ముగిసేసరికి మాత్రం నాతో ఇంటికి వచ్చినవి పద్యాలు, వాటి వెనుక సాగిన హార్మోనియం.

మాయాబజార్ నాడు నాకు ఒక చివర సీటు దొరకడం వల్ల పక్కతెర వెనుక తాడు పట్టుకొని నిలబడ్డ మనిషి కొంత కనిపించాడు. అతనికి వేదిక సరిగా కనబడే వీలు లేదు. తల వంచి సంగీతం వింటున్నాడు. ఘటోత్కచుడి పాత్రధారి పద్యం చివరి పాదాన్ని పైస్థాయికి తీసుకుపోయి, రాగం సాగదీసి, ఆధారషడ్జం, అంటే పాటకు మూలమైన 'స' స్వరం మీద వాలగానే తాడు కదిలింది, దృశ్యం మారింది. ప్రేక్షకులు 'వన్స్ మోర్' అన్నప్పుడు పద్యం మళ్లీ మొదలైంది, తాడు కూడా అంతసేపూ ఆగింది. ఆ మాయకు కొలత పద్యమేనని అప్పుడు అర్థమైంది. ముందే రికార్డు చేసిన సంగీతంతో ఇది సాధ్యపడదు. పాడే గొంతు, హార్మోనియం మెట్లు, తబలా దరువు, తాడు లాగే చేయి ఒకే ఊపిరిగా నడిస్తేనే లడ్డూలు గాలిలోకి లేస్తాయి, చిత్రించిన తెర పడి రాజభవనం అడవిగా మారుతుంది.

ఈ పొందిక కొన్నాళ్ల రిహార్సల్సుతో వచ్చేది కాదు. తోలుబొమ్మలాట ఆడిన కుటుంబాలవారు 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధ ప్రదర్శించడంతో మొదలైన సంప్రదాయమిది. వనారస గోవిందరావు దానికి ఆద్యుడు. స్త్రీ పాత్రలను పురుషులే వేస్తున్న కాలంలో ఈ కుటుంబాల స్త్రీలు వేదికెక్కి పాడారు. నేటికీ తల్లి పాడుతుంటే పక్కతెర దగ్గర నిలబడి వినే పిల్లలే తరువాత పాత్రధారులవుతారు. అందుకే లవకుశలుగా వచ్చిన ఇద్దరు పిల్లలు శ్రుతి తప్పకుండా, మాట మింగకుండా పాడిన తీరు నాకు ఆశ్చర్యం కన్నా సంతోషాన్నే ఎక్కువ కలిగించింది. ప్రహ్లాదలో స్తంభం చీలి నరసింహుడు వెలువడే ఘట్టానికి హాలంతా చప్పట్లు కొట్టింది. నా మటుకు నాకు, దానికి ముందు తండ్రీకొడుకులు పద్యాలతో వాదులాడుకున్న ఘట్టమే మూడు నాటకాలలోనూ ఉత్తమమైనది.

ఒక లోపం చెప్పక తప్పదు, అది నాటక బృందానిది కాదు. ఆ హాలులో వేదిక పైనుంచి వేలాడదీసిన మైకులు నటులు రెండడుగులు వెనక్కి వేస్తే గొంతును అందుకోలేకపోయాయి, హార్మోనియాన్ని మాత్రం లౌడ్‌స్పీకర్లు మోతగా వినిపించాయి. పద్యం మాట తెలియకపోతే భావం అందదు, భావం అందని ప్రేక్షకుడికి మాయలు తప్ప మరేమీ మిగలవు. నాటకశాలలు నడిపేవారు దీన్ని తీవ్రంగా పట్టించుకోవాలని మనస్ఫూర్తిగా కోరుతున్నాను.

నాటకాల ఎంపికపై ఒక కోరిక ఉంది. 1937లో ఏర్పడిన సురభి శ్రీ వెంకటేశ్వర నాట్యమండలిని దశాబ్దాలపాటు నడిపి, 2013లో పద్మశ్రీ అందుకొని, 2022లో కన్నుమూసిన రేకందార్ నాగేశ్వరరావు, అందరూ బాబ్జీ అని పిలిచే ఆ కళాకారుడు, పౌరాణికాల దగ్గరే ఆగలేదు. ప్రసిద్ధ రంగస్థల దర్శకుడు బి.వి.కారంత్ ఈ బృందంతో చేయించిన నాటకాలలో జర్మన్ నాటకకర్త బ్రెహ్ట్ నాటకానికి తెలుగు రూపమైన 'బస్తీ దేవత యాదమ్మ' కూడా ఉంది. పౌరాణికాల పక్కన అలాంటిది ఒకటి చూడగలిగితే, ఈ గొంతులు నేటి బస్తీ మాటను ఎలా పలుకుతాయో కొత్త ప్రేక్షకులకూ తెలుస్తుంది.

వెళ్లదలచినవారు పిల్లలను తప్పక వెంట తీసుకువెళ్లండి. సీటు ఎంచుకొనే వీలుంటే ముందు వరుసల్లో, హార్మోనియం వాయించే వైపు కూర్చోండి; అక్కడ మైకు సాయం లేకుండానే పద్యం వినబడుతుంది.