ఫుల్ మోషన్ వాల్ మౌంట్: కొన్నేళ్లు వాడాక

మా హాల్లో 55 అంగుళాల టీవీ ఈ మౌంటు మీదే కొన్నేళ్లుగా ఉంది. రెండు మడత చేతులున్న ఫుల్ మోషన్ రకం. ముందుకు లాగొచ్చు, పక్కలకు తిప్పొచ్చు, కిందికి వంచొచ్చు. కొత్తలో ఇంటికి ఎవరొచ్చినా అటూ ఇటూ తిప్పి చూపించేవాణ్ని. ఆ మోజు త్వరగానే తీరింది. ఇప్పుడు దాన్ని లాగేదల్లా వెనకున్న కేబుళ్ల కోసమే. అయినా మళ్లీ కొనాల్సి వస్తే ఇదే కొంటాను.

ఎందుకో చెబుతాను. పడగ్గదిలో చిన్న టీవీకి ఎటూ కదలని ఫిక్స్‌డ్ మౌంటు ఉంది. గోడకీ టీవీకీ మధ్య రెండు వేళ్ల సందు. చూడ్డానికి చాలా బాగుంటుంది, పెన్ డ్రైవ్ పెట్టాల్సి వచ్చేదాకా. ఒక చేత్తో ఫోన్ టార్చి పట్టుకుని, చెంప గోడకి ఆనించి, రెండో చేత్తో పోర్టు ఎక్కడుందో తడుముకోవాలి. పోర్టులు పక్కకి కాకుండా నేరుగా వెనక్కి ఉన్న టీవీ అయితే కేబుల్ పిన్ను గోడకి తగిలి వంగిపోతుంది కూడా. మీ టీవీకి పోర్టులు ఎటు ఉన్నాయో చూడకుండా ఫిక్స్‌డ్ రకం కొనకండి.

కొనేటప్పుడు పెట్టె మీద “32 నుంచి 70 అంగుళాల వరకు” అని పెద్దక్షరాల్లో కనిపిస్తుంది. దాన్ని నమ్ముకుంటే లాభం లేదు. చూడాల్సింది వెసా కొలత, బరువు. వెసా అంటే టీవీ వెనకున్న నాలుగు మర రంధ్రాల మధ్య దూరం, మిల్లీమీటర్లలో. మాది 300×200. ఒకే సైజు టీవీల్లో కూడా కంపెనీని బట్టి ఇది మారిపోతుంది, అందుకే టేపు పెట్టి కొలుచుకోవడం మంచిది. బరువు స్టాండు లేకుండా ఎంతో టీవీ మాన్యువల్‌లో ఉంటుంది.

ఫుల్ మోషన్‌కి అసలు పరీక్ష గోడ దగ్గరే. మా టీవీ సుమారు 15 కిలోలు. గోడ ప్లేటులో పై బోల్టులకీ కింది బోల్టులకీ మధ్య 20 సెంటీమీటర్ల ఎడం. టీవీని 40 సెంటీమీటర్లు ముందుకు లాగితే పై బోల్టులను గోడలోంచి పీకే బలం సుమారు 30 కిలోలవుతుంది. మౌంటు సొంత బరువు దానికి అదనం. అదే టీవీ గోడకి 6 సెంటీమీటర్ల దూరంలో ఉంటే ఆ లాగుడు నాలుగున్నర కిలోలే. ఫిక్స్‌డ్‌కి సరిపోయిన గోడ దీనికి సరిపోకపోవచ్చు అనేది అందుకే. బోల్టు పట్టు సిమెంటు పూతలో కాదు, దాన్ని దాటి ఇటుకలోనో కాంక్రీటులోనో ఉండాలి. జిప్సం బోర్డు గోడ అయితే లోపలి చట్రం ఎక్కడుందో వెతికి అందులోకే దించాలి. ఉత్త బోర్డుకి ఈ రకం మౌంటు బిగించడం అంటే టీవీ మీద ఆశ వదులుకోవడమే.

ఎత్తు విషయంలో బిగించడానికి వచ్చినతనితో కాసేపు వాదన అయింది. ఆయన నిలబడి చూసి గుర్తు పెట్టాడు, మేం చూసేది కూర్చుని. స్క్రీన్ మధ్యభాగం కూర్చున్నప్పటి కంటి ఎత్తులో, అంటే నేల నుంచి 105 సెంటీమీటర్ల దగ్గర ఉండేలా పెట్టించాం. 55 అంగుళాల టీవీకి కింది అంచు 70 దగ్గరకొస్తుంది. ఖాళీ గోడ మీద అది మరీ కిందికి ఉన్నట్టు కనిపిస్తుంది కానీ మెడకి హాయి. ఇంకో సంగతి, చాలా టీవీల్లో వెసా రంధ్రాలు సరిగ్గా స్క్రీన్ మధ్యలో ఉండవు, కాస్త కిందికి ఉంటాయి. ఆ తేడా కొలుచుకున్నాకే డ్రిల్లు ఆన్ చేయనివ్వండి.

ఇబ్బందులు లేవని కాదు. ఎక్కువగా ఒకే పక్కకి లాగడం వల్ల ఏమో, ఏడాది తిరిగేసరికి కుడివైపు ఒకింత వాలింది. కింద సౌండ్‌బార్ ఉండటంతో ఆ వంకర ఇంకా కొట్టొచ్చినట్టు కనపడేది. లెవెల్ సరిచేసే స్క్రూలు ఉన్నాయి కానీ అవి ప్లేటు వెనక ఉన్నాయి, ఒకరు టీవీ పట్టుకుంటే తప్ప ఇంకొకరు తిప్పలేరు. కిందికి వంచే కీలు కూడా మెల్లగా వదులై టీవీ తల దించుకుంటుంది, అప్పుడప్పుడు బిగించుకోవాలి. మధ్యలో ఒకసారి బొమ్మ మిణుకుమిణుకుమంటుంటే టీవీ పాడైందని టెన్షన్ పడ్డాం. తీరా చూస్తే, మడత పెట్టినప్పుడు హెచ్‌డీఎంఐ కేబుల్ మౌంటు చేతుల మధ్య నలిగింది. కేబుళ్లను పూర్తిగా ముందుకు లాగిన స్థితిలో కొలిచి, కాస్త వదులు ఉంచి కట్టాలి.

రెండు చోట్ల నుంచి చూసే ఇల్లు కాకపోతే, పోర్టులు పక్కకే ఉంటే, కిందికి వంచడానికి మాత్రమే వీలున్న టిల్ట్ రకం చాలు. ఖర్చూ తక్కువ, గోడకి శ్రమా తక్కువ. ఏది కొన్నా దాంతో వచ్చిన అలెన్ కీ పారేయకండి. నాదైతే గోడ ప్లేటు పక్కనే టేపుతో అంటించి పెట్టాను.